యాప్ బండి రాదు, స్టాండు వాళ్ళు పోనివ్వరు: అమ్మని ఇంటికి చేర్చేదెలా?

ప్రశ్న: మాది కోనసీమలో కాలవ గట్టు మీది ఊరు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అమ్మ ఊళ్ళోనే ఉంటుంది. ఈమధ్య హైదరాబాదులోనే అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించాం. డాక్టరుగారు ప్రయాణం చెయ్యొచ్చన్నాక విమానంలో తీసుకొచ్చాను. సాయంత్రం ఏడున్నరకి దిగాం. అక్కడి నుంచి ఇంటికి 80 కిలోమీటర్లు. యాప్‌లో 1,650 రూపాయలు చూపించింది. ముగ్గురు డ్రైవర్లు వరసగా ఫోన్ చేసి "డ్రాప్ ఎక్కడండి?" అని అడిగి, చెప్పగానే క్యాన్సిల్ చేశారు. నాలుగో అతను వస్తానన్నాడు గాని, "స్టాండు వాళ్ళు ఊరుకోరండి, మీరే గేటు బయటికి రండి" అన్నాడు. అమ్మ వాకర్ పట్టుకుని రోడ్డు దాకా నడిచింది. సామాను డిక్కీలో పెట్టాక స్టాండు వాళ్ళు ఏడెనిమిది మంది వచ్చి బండికి అడ్డం నిలబడ్డారు. అరుపులు. ఆ డ్రైవరు భయపడి మా సామాను దించేసి వెళ్ళిపోయాడు. ఆ గుంపులో మా సొంత పిన్ని కొడుకు ఉన్నాడు. అత్తవారి ఊరు ఎయిర్‌పోర్టు పక్కనే కావడంతో అక్కడే స్టాండులో కారు పెట్టుకున్నాడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. చివరికి స్టాండు బండికే 2,800 ఇచ్చి ఇంటికి చేరాం. అది వాడి బండి కూడా కాదు, స్టాండు వరసలో వాడి సీరియల్ నంబరు రాలేదట. మర్నాడు పిన్ని ఫోన్ చేసి "మా వాడి బండి నీ కంటికి ఆనలేదా?" అని అడిగింది. అప్పటి నుంచి మాటల్లేవు. వచ్చే నెల అమ్మని మళ్ళీ చెకప్‌కి తీసుకెళ్ళి తీసుకురావాలి. తప్పెవరిది? ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలి? పిన్ని మొహం ఎలా చూడాలి?

— ఒక సోదరి, కోనసీమ

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ఎయిర్‌పోర్టు పేరు కూడా రాశారు. నేను తీసేశాను. పేరు వేస్తే ఆ రోజు అక్కడ లేని డ్రైవర్ల మీద కూడా నింద పడుతుంది. మన డెల్టా వాళ్ళు రాజమండ్రి ఎయిర్‌పోర్టున్న మధురపూడిలో దిగినా, విజయవాడ ఎయిర్‌పోర్టున్న గన్నవరంలో దిగినా, కాస్త దూరమని తెలిసీ విశాఖలో దిగినా, ఊళ్ళోకి రావాలంటే ఇంచుమించు ఇదే అనుభవం.

ముందు ఒక మాట. ఆపరేషన్ అయిన మనిషి వాకర్‌తో రోడ్డు దాకా నడవాల్సి రావడం, ఎక్కించిన సామాను కళ్ళముందే దించెయ్యడం చిన్న విషయాలు కావు. మీకు ఇంకా కోపం తగ్గలేదంటే అందులో మీ తప్పేమీ లేదు. అమ్మకి ఆ రాత్రి కాలు నొప్పి పెట్టిందో లేదో మీరు రాయలేదు. నాకు చదువుతున్నంతసేపూ అదే ధ్యాస.

తప్పెవరిదని అడిగారు. దానికి జవాబు చెప్పేముందు ఒక లెక్క వేద్దాం. అది తెలియకపోతే వచ్చే నెల కూడా మీకు ఇదే జరుగుతుంది.

యాప్‌లో మీకు కనిపించింది 1,650 రూపాయలు. అందులో కంపెనీ 20 శాతం తీసుకుంటే 330 పోతుంది, డ్రైవరుకి 1,320. మీ ఊరు 80 కిలోమీటర్లు, తిరిగి రావడానికి మళ్ళీ 80. అతను మీ దగ్గరకి రావడానికి ఇంకో పదిహేనో ఇరవయ్యో వేసుకోండి. మొత్తం 180 కిలోమీటర్లు. లీటరుకి 18 ఇచ్చే డీజిలు బండి అనుకున్నా పది లీటర్లు కావాలి. లీటరు వందకి కాస్త అటూ ఇటూగా ఉంది కాబట్టి వెయ్యి రూపాయలు డీజిలుకే. మిగిలేది 320. ఏడున్నరకి మిమ్మల్ని ఎక్కించుకున్న మనిషి మళ్ళీ తన ఇంటికి చేరేసరికి రాత్రి పన్నెండు దాటుతుంది. దాదాపు ఐదు గంటలు బండి తోలితే 320. అందులోంచే ఫైనాన్సు కిస్తీ, ఇన్సూరెన్సు, టైర్లు, రాత్రి దారిలో తాగే టీ. కొన్ని యాప్‌లు ఇప్పుడు కమిషన్ బదులు రోజుకింతని కట్టించుకుంటున్నాయి. వాటిలోనైనా ఖాళీగా తిరిగి వచ్చే 80 కిలోమీటర్లు మాత్రం డ్రైవరు నెత్తి మీదే.

అందుకే అతను ఫోన్ చేసి అడిగే మొదటి మాట "డ్రాప్ ఎక్కడండి?" అని. రెండోది "క్యాషా, ఆన్‌లైనా?" అని. మీరు రాజమండ్రి కాంప్లెక్స్ అనో విజయవాడ బెంజి సర్కిల్ అనో అంటే "ఆయ్, వస్తన్నానండి" అంటాడు. అక్కడ దించితే ఇంకో కిరాయి దొరుకుతుంది, రాత్రికి ఇంటికి పోవచ్చు. రావులపాలెం దాటి లోపలికి, కాలవ గట్టు మీద, రెండు వంతెనలు దాటి అని చెప్పారో, రాత్రి పదింటికి అక్కడి నుంచి తిరుగు కిరాయి దొరకదని అతనికి తెలుసు.

ఇది ఒక్క డెల్టా కష్టం కాదు. అంత పెద్ద హైదరాబాదులోనే 2025 మార్చిలో, రేట్లు గిట్టడం లేదని, యాప్‌లలో వచ్చే ఎయిర్‌పోర్టు ట్రిప్పులు తీసుకోవద్దని క్యాబ్ డ్రైవర్ల సంఘం పిలుపునిచ్చింది. అక్కడ తిరుగు కిరాయి దొరికే అవకాశం ఎంతో కొంత ఉంటుంది. మన పల్లెకి వచ్చే బండికి అదీ లేదు.

మరి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. కేంద్ర రవాణా శాఖ యాప్ కంపెనీల కోసం 2020లో మార్గదర్శకాలు తెచ్చి, 2025 జులైలో వాటిని సవరించింది. ఒప్పుకున్న ట్రిప్పుని సరైన కారణం లేకుండా డ్రైవరు క్యాన్సిల్ చేస్తే కిరాయిలో 10 శాతం, 100 రూపాయలకు మించకుండా, జరిమానా వెయ్యాలని అందులో ఉంది. అదే జరిమానా ప్రయాణికుడికీ వర్తిస్తుంది. సొంత బండి ఉన్న డ్రైవరుకి కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలని కూడా ఉంది. ఇవి రాష్ట్రాలు తమ నిబంధనల్లోకి తెచ్చుకుని అమలు చెయ్యాల్సినవి. సరే, అమలయ్యాయనే అనుకోండి. మీ ట్రిప్పు వదులుకుంటే అతనికి పోయేది 100. వస్తే ఐదు గంటలకు మిగిలేది 320. అదే ఐదు గంటలు టౌనులో తిరిగితే నాలుగైదు చిన్న కిరాయిలు. మీరే ఆ సీట్లో కూర్చుంటే ఏం చేస్తారు? జరిమానాతో ఇది ఆగదు. తిరుగు ప్రయాణం సంగతి ఆ రూల్స్‌లో ఎక్కడా లేదు. కిరాయి ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు దాకానే. పెద్ద నగరంలో అది న్యాయమే. 80 కిలోమీటర్ల అవతల పల్లెకి వెళ్ళే బండికి మాత్రం సగం దారి కూలి ఎవరూ ఇవ్వనట్టే.

ఇంత చెప్పానని ఆ ముగ్గురూ చేసింది ఒప్పని కాదు. రానని ముందే చెప్పడం వేరు. ఒప్పుకుని, ఊరి పేరు వినగానే క్యాన్సిల్ చెయ్యడం వేరు. ఇంకొందరైతే బొమ్మకారు మ్యాప్‌లో కదలకుండా పది నిమిషాలు ఉంచి, "మీరే క్యాన్సిల్ చేసెయ్యండి" అంటారు. ఆ మాట ఎందుకంటారంటే, క్యాన్సిల్ మీరు నొక్కితే చార్జీ మీ మీద పడుతుంది, అతని రికార్డు శుభ్రంగా ఉంటుంది. ఈ రకం ఫిర్యాదులు పెరగబట్టే, 2022 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు పెద్ద క్యాబ్ కంపెనీలకు నోటీసులిచ్చింది. కాబట్టి ఈసారి అలా అంటే మీరు నొక్కకండి. నొక్కక తప్పకపోతే కారణం అడిగే చోట డ్రైవరు రానన్నాడనే దాన్నే ఎంచుకోండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇంకొకటి. కొందరు "యాప్‌లో తీసేసి నాకు డైరెక్టుగా ఇవ్వండి" అంటారు. ముక్కూమొహం తెలియని బండిలో, రాత్రిపూట, పెద్దావిడతో ఉన్నప్పుడు ఆ పని చెయ్యకండి. ట్రిప్పు క్యాన్సిల్ అయిన క్షణం నుంచి మీరు ఆ బండిలో ఉన్నట్టు ఎక్కడా రికార్డు ఉండదు.

ఇక స్టాండు వాళ్ళు. వీళ్ళ గురించి రాయాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి.

నాన్న మా ఊరి సెంటర్లో ట్యాక్సీ తోలేవారు. ఓనరు వేరే, బండి అంబాసిడర్. స్టాండులో వేపచెట్టుకి ఒక మేకు, దానికి ఒక ఎక్సర్‌సైజు పుస్తకం వేలాడేది. పుస్తకానికి పురికొసతో ఒక బాల్‌పెన్ను. పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్ళ బండి నంబరు ముందు. అదే సీరియల్. కిరాయి వస్తే పై నంబరు కొట్టేసి వెళ్ళాలి. తిరిగొచ్చాక కింద మళ్ళీ రాసుకోవాలి. కొన్ని రోజులు నాన్న నంబరు పొద్దున ఆరింటికి రాసింది రాసినట్టే సాయంత్రం దాకా ఉండేది. నేను బడి నుంచి వస్తూ ఆ పుస్తకం చూసేదాన్ని. నంబరు కొట్టేసి ఉంటే ఆ రాత్రి ఇంట్లో మాటలు బాగుంటాయి.

పేషెంట్లని విశాఖ కేజీహెచ్‌కి తీసుకెళ్ళే కిరాయి తగిలితే పెద్ద కిరాయి. కాని రావడం ఖాళీ. దారిలో బస్టాపుల దగ్గర ఆపి "అటు వస్తారా అండి?" అని అడుగుతూ వచ్చేవారు. ఒకసారి ఒక ఊళ్ళో నలుగురిని ఎక్కించుకుంటే అక్కడి స్టాండు వాళ్ళు వచ్చి అందరినీ దింపించారు. నాన్న తెల్లవారుజామున ఇల్లు చేరి, చాప మీద డబ్బులు పోసి అమ్మ చేత లెక్క పెట్టించారు. డీజిలు తీసేసి, ఓనరు వాటా తీసేసి, మిగిలింది వేలితో పక్కకి జరిపారు. అప్పుడే ఆ దింపించిన సంగతి చెప్పారు. ఆయన గొంతు అలా వణకడం నేను అంతకుముందు వినలేదు.

అదే నాన్న, మా స్టాండులో బయటి ఊరి బండి ఒకటి ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంటే, మిగిలిన వాళ్ళతో కలిసి వెళ్ళి అడ్డం నిలబడ్డారు. అదీ నేను చూశాను. పన్నెండేళ్ళదాన్ని. ఆ బండిలోంచి దిగిన ముసలాయన చేతిలో కూరగాయల సంచి ఉంది, ఎటు వెళ్ళాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ ముసలాయనే గుర్తొచ్చాడు, మీ తమ్ముడిని తలచుకుంటే నాన్న గుర్తొచ్చారు.

పెద్ద నగరంలో విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతూనే ఉంటాయి. మన వైపు అలా కాదు. మధురపూడి నుంచి 2024 డిసెంబరులో ముంబయికి, ఢిల్లీకి నేరుగా విమానాలు మొదలయ్యాయి, సంతోషమే. అయినా రోజు మొత్తం దిగే విమానాలు ఇప్పటికీ తక్కువే. హైదరాబాదు నుంచి వచ్చేది ఏటీఆర్ విమానమైతే నిండుగా వచ్చినా 78 మంది. వాళ్ళలో చాలామందికి ఇంటి నుంచి కార్లు వస్తాయి. అన్నయ్యో బావమరిదో గుమ్మం దగ్గరే నిలబడి ఉంటాడు. మిగిలిన కొద్దిమంది కోసం స్టాండు మొత్తం ఎదురుచూస్తుంది. ఆ విమానం వెళ్ళిపోయాక మళ్ళీ గంటల తరబడి ఖాళీ. పైగా సొంత వాడకానికని తీసుకున్న తెల్ల బోర్డు బండ్లు కూడా వచ్చి కిరాయిలు ఎత్తుకుపోతుంటాయి. పర్మిట్ కట్టి, పసుపు బోర్డు పెట్టుకుని, ఫిట్‌నెస్ చేయించుకున్నవాడికి అది చూస్తే కడుపు రగులుతుంది. ఆ ఫిర్యాదు న్యాయమైనదే. మీరు కూడా తెల్ల బోర్డు బండిలో కిరాయికి ఎక్కకండి. జరగరానిది జరిగితే ఇన్సూరెన్సు దగ్గర చిక్కొస్తుంది.

అయినా వాకర్ పట్టుకున్న మనిషి ఉన్న బండికి అడ్డం నిలబడటం తప్పు. కడుపు మంట ఎంతున్నా తప్పే. యాప్‌తో గొడవ ఉంటే కలెక్టరు దగ్గరకో రవాణా శాఖకో వెళ్ళొచ్చు. ధర్నా చెయ్యొచ్చు. గోవాలో ట్యాక్సీ వాళ్ళు ఏళ్ళ తరబడి యాప్ కంపెనీలతో పోట్లాడుతున్నారు, 2018లో అక్కడ ప్రభుత్వం అండతో స్థానికంగా ఒక యాప్ కూడా వచ్చింది. పోట్లాటకి దారులు లేక కాదు. దానిలోకి ప్రయాణికురాలిని, అందులోనూ ఆపరేషన్ అయినావిడని లాగకూడదు.

ఇక కంప్లైంట్ సంగతి. రెండు చోట్ల ఇవ్వండి. యాప్ కంపెనీకి ముందు రాయండి, ముగ్గురు క్యాన్సిల్ చేసిన స్క్రీన్‌షాట్లతో. నాలుగో డ్రైవరు మిమ్మల్ని గేటు బయటికి నడిపించాడని కూడా రాయండి. కాని అతని మీద కోపంతో కాదు. లోపలికి వచ్చి ఎక్కించుకునే ఏర్పాటు లేని చోట కంపెనీ బుకింగ్ ఎందుకు తీసుకుంటోందని అడగండి. ప్రశ్న కంపెనీకి. వాళ్ళు సరిగ్గా స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రెండోది, ఎయిర్‌పోర్టు అధికారులకు ఒక కాగితం. ఫలానా తేదీ, ఫలానా సమయం, ఆపరేషన్ అయిన పెద్దావిడ ఉన్న బండిని ఆపారు, సామాను దింపించారు. అంతే, పేర్లు అక్కర్లేదు. ప్రయాణికులు ముందుగా మాట్లాడుకున్న బండిని గుమ్మం దగ్గరే ఎక్కనిచ్చే ఏర్పాటు చెయ్యమని అడగండి. ఇకమీదట ఎప్పుడైనా అలా చుట్టుముడితే మాటలు పెంచకుండా 112కి ఫోన్ చెయ్యండి. దానికి మొహమాటపడొద్దు.

మీ తమ్ముడి పేరు ఏ కంప్లైంట్‌లోనూ రాయొద్దు. వాడితో మాట్లాడాల్సింది కాగితం మీద కాదు.

వచ్చే నెల ప్రయాణానికి వద్దాం. అమ్మతో ఉన్నప్పుడు యాప్‌ని నమ్ముకోకండి. మీరొక్కరే వచ్చినప్పుడు వేరే. అప్పుడు యాప్ బండి టౌను దాకా తీసుకుని, రాజమండ్రి కాంప్లెక్స్‌లోనో విజయవాడ బస్టాండులోనో ఆర్టీసీ బస్సెక్కండి. టౌనులో డ్రాప్ అంటే క్యాన్సిల్ చేసే వాళ్ళు చాలా తక్కువ. అమ్మకి మాత్రం ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి ఒకే బండి కావాలి.

ఇక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. మీరు దిగే విమానంలోనే మళ్ళీ వేరే వాళ్ళు ఎక్కి వెళ్తారు. వాళ్ళలో అమలాపురం, కొత్తపేట, మండపేట, రావులపాలెం వైపు నుంచి కార్లలో వచ్చిన వాళ్ళు తప్పకుండా ఉంటారు. ఆ కార్లు వాళ్ళని దించి ఖాళీగా ఇటే తిరిగొస్తాయి. మీ ఊరి దగ్గర ట్రావెల్స్‌కి రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "ఫలానా రోజు ఎయిర్‌పోర్టుకి వెళ్ళే బండి ఉందా, రిటర్న్‌లో మేమొస్తాం" అని అడిగి చూడండి. ఉంటే చాలా తక్కువలో పని అయిపోతుంది, డ్రైవరుకీ ఖాళీగా రావడం తప్పుతుంది. ఒక్కటే జాగ్రత్త. దిగాక అక్కడ బేరమాడి ఎక్కినట్టు ఉండకూడదు. ముందే మాట్లాడుకున్న బండి, డ్రైవరు పేరు, నంబరు, అడ్వాన్స్ ఇచ్చినట్టు ఫోన్‌లో మెసేజ్ ఉండాలి. స్టాండు వాళ్ళు అడిగితే చూపించొచ్చు. సంక్రాంతి వారం మాత్రం ఈ మాట నడవదు. అప్పుడు ఏ బండీ ఖాళీగా తిరగదు, ఏ రేటూ నిలబడదు.

రిటర్న్ బండి దొరక్కపోతే? అప్పుడు మీ తమ్ముడే.

ఎంతివ్వాలో ముందే తేల్చుకోండి. రానూపోనూ 160 కిలోమీటర్లు. కిలోమీటరుకి 14 రూపాయలు వేసుకున్నా 2,240. రాత్రి కాబట్టి డ్రైవరు భత్యం, అదే బేటా, కలిపితే 2,500 అటూ ఇటూ అవుతుంది. యాప్ చూపించిన 1,650 నిజానికి ఒకవైపు దారి రేటు, అందుకే దానికి ఎవరూ రాలేదు. 2,800 మీరు గొడవ మధ్యలో, గత్యంతరం లేక ఇచ్చిన రేటు. 2,500 అయితే ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ కడుపులో మంట ఉండదని నాకనిపిస్తోంది. మీ తమ్ముడు "నీకు తోచింది ఇవ్వక్కా" అంటే ఒప్పుకోకండి. బంధువుల మధ్య ఆ మాట దగ్గరే చెడుతుంది. మీకు తోచింది వాడికి తక్కువనిపిస్తుంది, అడగలేడు. పిన్ని దగ్గర అంటాడు. పిన్ని మీ అమ్మతో అంటుంది. అంకె చెప్పి, ఆ అంకె ఇవ్వండి. టోలు ఉంటే అది వేరే.

సీరియల్ గొడవ ఎలాగని వాడినే అడగండి. ముందు మాట్లాడుకున్న కిరాయికి కొన్ని స్టాండుల్లో సీరియల్ అడ్డు రాదు. కొన్నిచోట్ల ఆ ట్రిప్పు వేస్తే చివరికి వెళ్ళి రాసుకోవాలి. వాళ్ళ స్టాండు పద్ధతి వాడికే తెలుస్తుంది. స్టాండు వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోమనండి: "మా పెద్దమ్మ ఫలానా రోజు దిగుతుంది, ఆపరేషన్ అయిన మనిషి, నా బండే పెడతాను" అని. అలా చెబితే కాదనే డ్రైవరుని నేను మా నాన్న స్టాండులో ఎన్నడూ చూడలేదు.

అమ్మకి టికెట్ తీసుకునేటప్పుడే విమానం కంపెనీకి వీల్‌చైర్ కావాలని చెప్పండి. ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు చెప్పాలి. దించాక వాళ్ళ మనిషే బండి ఆగే చోటు దాకా తోసుకొస్తాడు. కిందటిసారి మీరు చెప్పారో లేదో రాయలేదు. చెప్పి ఉంటే మాత్రం ఆ కుర్చీలోంచి అమ్మని దింపి రోడ్డు మీదికి నడిపించే పని ఇంకెప్పుడూ చెయ్యకండి, ఏ డ్రైవరు రమ్మన్నా సరే. అతను రాలేకపోతే ఆ బండి మనకి కాదు.

చివరికి పిన్ని. ఇది రాయడానికి నేను రెండు రోజులు ఆలోచించాను.

"మా వాడి బండి నీ కంటికి ఆనలేదా?" అన్న మాటలో కిరాయి కోసం బాధ కొంచెం, అవమానం ఎక్కువ. అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఒకరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ విమానంలో దిగుతున్నారు, ఇంకొకరు అదే విమానం కోసం బయట సీరియల్లో కూర్చున్నారు. మీరు దిగేముందు వాడికి ఒక్క ఫోన్ చేసి ఉంటే, "నా నంబరు రాలేదక్కా, పలానావాడిని పంపుతా" అనేవాడు. మీకు రేటు గుర్తొచ్చింది, తమ్ముడు గుర్తు రాలేదు. ఈ మాట మీకు గుచ్చుకుంటుందని తెలుసు. అయినా దాచలేను.

వాడి వైపూ చూడండి. వాడు అడ్డుపడి "మా పెద్దమ్మ, వదిలెయ్యండి" అంటే మర్నాటి నుంచి ఆ ఏడెనిమిది మంది మధ్యే వాడు బతకాలి. అత్తవారి ఊరు, సొంత ఊరు కూడా కాదు. అందుకే తల దించుకున్నాడు. ఆ పరిస్థితి నాకు అర్థమవుతుంది. కాని ఒకటి మాత్రం వాడు చేసి ఉండాల్సింది. బండి సంగతి పక్కన పెట్టి, ముందుకొచ్చి, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఏ బండి సీట్లోనో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వాల్సింది. దానికి సీరియల్ అక్కర్లేదు. ఆ మాట వాడితో మీరు అనకండి, అమ్మ చేత అనిపించండి. అమ్మ అంటే వాడు ఏడుస్తాడు, మీరంటే వాదిస్తాడు.

పిన్నితో ఫోన్‌లో మాట్లాడకండి. ఫోన్‌లో మొదలైంది ఫోన్‌లో తెగదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మని తీసుకుని పిన్ని ఇంటికి వెళ్ళండి. మెట్లు ఎక్కలేకపోతే అమ్మని వాకిట్లోనే కుర్చీలో కూర్చోబెట్టండి, పిన్నే బయటికి వస్తుంది. చెల్లెలు అక్క కాలు చూశాక ముందు అడిగేది కిరాయి గురించి కాదు. "ముందు వాడికి ఫోన్ చెయ్యకపోవడం నా పొరపాటు పిన్నీ" అని ఒక్క మాట మీరు అనండి. ఆ రాత్రి జరిగినదాన్ని మాత్రం మీ పొరపాటుగా ఒప్పుకోకండి. అది వేరు, ఇది వేరు. మిగిలింది వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. మీరు లోపలికెళ్ళి టీ పెట్టండి.

తర్వాత, టికెట్ బుక్ అయిన రోజే తమ్ముడికి ఫోన్ చెయ్యండి. తేదీ, దిగే టైము, ఇచ్చే డబ్బు, మూడూ చెప్పండి. ముందు సీటు బాగా వెనక్కి జరిపి ఉంచమనండి, అమ్మ మోకాలు ఇంకా పూర్తిగా వంగదు కదా. వాకర్ పట్టేలా డిక్కీలో స్టెప్నీ పక్కన చోటు చూసుకోమనండి.